తొమ్మిది రీడింగులు

ఇంజనీరింగ్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, కాగితాల మీద రాయడానికి నాకు రెండు కాలేజీల పేర్లున్నాయి. ఒకటి హైదరాబాద్ శివార్లలో, ఇంకొకటి టొరంటో పక్కన. నిజానికి నేను నేర్చుకున్నది రిచ్‌మండ్ హిల్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. ఆ ఇంటావిడ స్వీడన్‌లో పుట్టారు. తన తరగతిలో ఒకే ఒక్క ఆడపిల్లగా నీటి కట్టడాల చదువు చదివి, రెండు దేశాల్లో ఆనకట్టల మీద పనిచేసి రిటైరైన మనిషి. నేను అద్దెకు దిగేనాటికి ఆవిడకి ఎనభై రెండేళ్ళు. అంతటి మనిషికి నేను తొమ్మిది అబద్ధాలు రాసిచ్చాను. గత్యంతరం లేక కాదు, బద్ధకం కొద్దీ. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం వెళ్ళిన ఏడాది కెనడాకి విద్యార్థులు జాతరకి వచ్చినట్టు వచ్చారు. విమానంలో మా వరుసలో ముగ్గురం ఉంటే ముగ్గురిదీ ఒకే కాలేజీ. మొదట దిగిన ఇంట్లో ఏడుగురు అమ్మాయిలకి ఒకటే బాత్‌రూం. క్లాసు తొమ్మిదింటికైతే ఐదున్నరకే తలుపు ముందు లైను. బస్సులో ఎవరినైనా తెలుగులో తిట్టుకుందామన్నా వీల్లేదు, సగం బస్సు వెనక్కి తిరిగి చూసేది. పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పార్ట్‌టైం దొరికింది. పెట్టె తీయడం, స్కాన్ చేయడం, బెల్టు మీద పెట్టడం. బి.టెక్. మెకానికల్ చదివిన నా చేతులు రోజూ చేసిన యంత్ర విద్య అది.

నా అసలు దిగులు కో-ఆప్ గురించి. మా కోర్సులో అది తప్పనిసరి. వేసవిలో నాలుగు నెలలు ఏదో ఒక కంపెనీలో ఇంజనీరింగ్ పని చేసి చూపించాలి. లేకపోతే కోర్సు పూర్తికాదు. కోర్సు పూర్తికాకపోతే వర్క్ పర్మిట్ లేదు, ఇంటికి టికెట్టే. ఆ కంపెనీని వెతుక్కోవలసింది మనమే. అప్లై చేసి చేసి లెక్కపెట్టడం మానేశాను. జవాబిచ్చిన ఒకరిద్దరూ ఒకే మాట అడిగారు, ఇక్కడి అనుభవం ఉందా, నీ పని చూసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని. పెట్టెలు స్కాన్ చేయడం ఆ లెక్కలోకి రాదట.

అలాంటి రోజుల్లో లైబ్రరీ బోర్డు మీద ఒక కాగితం కనబడింది. పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసినట్టున్న అక్షరాలు. 'గది ఉంది. మెట్లు దిగగలిగి, స్కేలు చదవగలిగిన విద్యార్థినులకు.' నా రూమ్మేట్ తణుకు అమ్మాయి, హాస్పిటల్ కోర్సేదో చదివేది. కాగితం చూసి నవ్వింది. "ఇదేం కండిషనే బాబూ, ఎల్‌కేజీ అడ్మిషన్‌లా ఉంది. పద, ఇద్దరం పాసవుతాం" అంది. ఇద్దరం వెళ్ళాం. ఇద్దరం పాసయ్యాం.

ఆ ఇంట్లో మొదటి చిక్కు పిలుపు దగ్గర వచ్చింది. వాళ్ళ దేశంలో చిన్నా పెద్దా అందరినీ పేరుతోనే పిలుస్తారట. తననీ పేరు పెట్టే పిలవమన్నారు. ఎనభై రెండేళ్ళ మనిషిని పేరు పెట్టి పిలిస్తే మా నాయనమ్మ స్వర్గం నుంచి చెప్పు విసిరేది. ఆంటీ అంటే ఆవిడకి నచ్చలేదు, మేడమ్ అంటే అసలు నచ్చలేదు. దాంతో నేను ఏమీ పిలవకుండా, ఆవిడ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి, ఎదురుగా నిలబడి, నా వైపు చూసేదాకా ఆగి మాట్లాడేదాన్ని. కొన్ని వారాలకి ఆవిడే, "నువ్వు దయ్యంలా వచ్చి నిలబడితే నా గుండె ఆగేలా ఉంది. పోనీ ఆంటీ అనే పిలువు" అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

స్కేలు చదవడం దేనికో కూడా మొదటి వారంలోనే తెలిసింది. ఆ వీధి వెనక కొత్త ఇళ్ళు లేచాక, మంచు కరిగే రోజుల్లో వీధిలోని బేస్‌మెంట్లలోకి నీళ్ళు ఊరడం మొదలైంది. కాలువ లోతు పెంచాలని వీధివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. డ్రైనేజీ చూసే ఇంజనీరు, మాటలు కాదు, ఒక వసంతకాలమంతా నేల కింద నీళ్ళు ఎంత లేస్తున్నాయో తెంపు లేకుండా కొలిచి తెండి, చూస్తానన్నాడు. సబబైన మాటే. కొలిచే పని ఆవిడ తీసుకున్నారు. కానీ మెట్లు దిగడానికి ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు, గీతలు చదవడానికి శుక్లం వచ్చిన కన్ను ఒప్పుకోదు. అందుకే ఆ కాగితం.

బేస్‌మెంట్ మూలలో నేలలోకి దించిన సన్నటి పైపు ఒకటుండేది. ఇనుప టేపు చివర నీలం సుద్ద రాసి, పైపులోకి దించి, మెల్లగా పైకి తీయాలి. నీళ్ళు తగిలినంత మేర సుద్ద రంగు ముదురుతుంది. ఆ గీత చూసి, నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో నోటుబుక్కులో రాయాలి. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి. మొదటిరోజు నేను రాసింది చూసి ఆవిడ, "ముప్ఫై సెంటీమీటర్లు సరిగ్గా ఉందా, లేక నీకు ముప్ఫై అంటే ఇష్టమా?" అని అడిగారు. మళ్ళీ దిగి చూశాను. ముప్ఫై పాయింట్ నాలుగు.

పొద్దుటి రీడింగు అయ్యాక నన్ను కాఫీకి పిలిచేవారు. ఆవిడ చేసే తియ్యటి బన్నుల్లో ఏలకులు దంచి వేస్తారు. మొదటిసారి ఆ వాసనకి, వంటింట్లో పాయసం కాస్తున్నారేమోనని మెట్లు గబగబా ఎక్కాను. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంట్లో అంతేనట. ఏలక్కాయ మనదేనని నేను గొప్పలు పోతే, "నాకు మా అమ్మ ఇచ్చింది, మీ దేశం కాదు" అని ఇంకో బన్ను నా పళ్ళెంలో వేశారు. ఆ కాఫీల దగ్గరే ఆవిడ జీవితం ముక్కలు ముక్కలుగా నాకు తెలిసింది. మేము కన్నీళ్ళతో చెప్పుకునేవాటిని ఆవిడ వాతావరణం చెప్పినట్టు చెప్పేవారు.

సముద్రం ఒడ్డున చిన్న ఊరు. నాన్న కలప మిల్లులో రంపాలు బాగుచేసేవాడు. ఇంజనీరింగ్ చదువుకి రాజధానికి వెళితే, ఆ భవనంలో ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు. చలికాలంలో కోటు తొడుక్కుని, ఆవరణ దాటి లైబ్రరీకి వెళ్ళి రావాలి. "నాలుగేళ్ళూ నేను క్లాసులో నీళ్ళు తాగలేదు. నీళ్ళ చదువు చదివాను గానీ" అన్నారు. ఒక ప్రొఫెసరు ప్రతి పాఠం 'పెద్దమనుషులారా' అని మగవాళ్ళని పలకరించి మొదలుపెట్టేవాడు. చివరి పరీక్షలో ఆవిడకే మొదటి స్థానం వచ్చింది. ఆరోజు కూడా ఆయన అలాగే మొదలుపెట్టి, తర్వాత ఆవిడ వైపు తిరిగి కాస్త తల వంచాడట. "చాలా పాత మనిషి. అంతకన్నా వంగడం ఆయనకి చేతకాలేదు" అని ఆయన్ని కూడా క్షమించేశారు. నేనైతే క్షమించలేదు, ఇప్పటికీ.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేంత చనువొచ్చాక అడిగాను. "అడిగినవాడికి ఆనకట్టలంటే ఇష్టం లేదు" అన్నారు. అంతే.

కెనడాకి ఒంటరిగా, ఓడలో వచ్చారు. వచ్చి యాభై ఏళ్ళు దాటింది. అప్పట్లో ఇక్కడ ప్రతి ఆఫీసులోనూ ఒకటే మాట, ఇక్కడి అనుభవం లేదు కదా అని. నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసి, "అప్పుడు కూడానా?" అన్నాను. కడుపులో ఉన్నదంతా ఆ రోజు ఆవిడ ముందు వెళ్ళగక్కాను. కో-ఆప్ సంగతి, పంపిన అప్లికేషన్లు, రాని జవాబులు, అన్నీ. ఆవిడ విని, తన కథ పూర్తిచేశారు. ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ఏడాదిన్నర టైపిస్టుగా చేశారట. టైపు చేస్తూ చేస్తూ, లెక్కల్లో తప్పులుంటే దిద్దేసేవారు. ఒకరోజు పెద్ద ఇంజనీరు బయటికొచ్చి, ఈ కాగితం ఎవరు టైపు చేశారని అరిచాడు. ఉద్యోగం ఊడిందనుకున్నారు. ఆయన డ్రాయింగుల బల్ల దగ్గర కుర్చీ చూపించాడు. అదే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉన్నారు, డ్రాయింగుల మీద సంతకం పెట్టే హక్కు వచ్చిన మొదటి ఆడమనిషి అక్కడ ఆవిడే.

"నా కింద పనిచేసిన ఒకతను ఇప్పుడు వాన్‌లో చిన్న కంపెనీ నడుపుతున్నాడు. కట్టడాలకి ముందు నేల కింద నీళ్ళు కొలుస్తారు. అతనికి నీ గురించి ఉత్తరం రాస్తాను" అన్నారు. నేను లేచి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. "ఇప్పుడు కాదు. నేను చూసిందే రాస్తాను. ఈ వసంతం నీ పని చూడనీ" అన్నారు.

మార్చి చివర్లో, మంచు కరగడం మొదలైన రోజుల్లో, వాంకూవర్‌లో ఉన్న ఆవిడ చెల్లెలికి ఆపరేషన్ పడింది. పన్నెండు రోజులకి ప్రయాణం కట్టారు. వెళుతూ నోటుబుక్కు, సుద్ద, టేపు నా చేతికిచ్చి, "ఒక్కటి కూడా పోకూడదు" అన్నారు. నేను దేవుడి మీద ఒట్టు వేశాను.

మొదటి వారం అరగంట ముందే లేచి కొలిచాను. ఆ గురువారం వేర్‌హౌస్‌లో ఇద్దరు రాలేదు, డబుల్ షిఫ్ట్ చేశాను, బస్సు తప్పిపోయింది. వాన్‌లో మాకు తెలిసిన తెలుగు అమ్మాయిల రూమ్‌లో పడుకున్నాను. అంతవరకు నా తప్పు లేదు. శుక్రవారం వాళ్ళలో ఒకమ్మాయి పుట్టినరోజు. మా తణుకు పిల్ల కూడా అక్కడికే వచ్చేసింది. బిర్యానీ, అంత్యాక్షరి, శనివారం వాన, ఆదివారం బద్ధకం, మళ్ళీ సోమవారం షిఫ్ట్. ఫోన్‌లో రోజూ ఏడింటికి అలారం మోగేది, నేను రోజూ దాని నోరు నొక్కేదాన్ని. మంగళవారం పొద్దున ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిస్తే గురువారం సాయంత్రం నుంచి సోమవారం సాయంత్రం దాకా తొమ్మిది గళ్ళు ఖాళీ.

ఇక్కడ మా చదువు గురించి ఒక మాట చెప్పుకోవాలి. మా కాలేజీలో ప్రతి ల్యాబ్‌కీ రికార్డు రాయాలి. సీనియర్ల రికార్డులు మా దగ్గర తరతరాల ఆస్తి. యంత్రం పనిచేయకపోయినా రికార్డు పూర్తవుతుంది. జవాబు ఎంత రావాలో ముందే తెలుసు కాబట్టి, అక్కడినుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు వేస్తాం. అనుమానం రాకుండా ఒకటి రెండు చోట్ల చిన్న తేడా పెట్టడం కూడా కళే. నా గ్రాఫులు ఎంత చక్కగా వచ్చేవంటే, మా సార్ వాటిని బయటినుంచి వచ్చే ఎగ్జామినర్‌కి పైన పెట్టి చూపించేవారు. అది మోసమని మాలో ఎవరికీ తోచలేదు. దాని పేరు రికార్డు రాయడం, అంతే.

ఆ మంగళవారం టేపు దించి నిజం రీడింగు తీశాను. గురువారం పొద్దుటి అంకె ఒక చివర, ఇది ఒక చివర. మధ్యలో తొమ్మిది గళ్ళు. పది నిమిషాల పని. శనివారం వాన పడింది గుర్తుంది కాబట్టి అక్కడ కొంచెం పెంచాను. రాశాక, నాకు నేనే మెచ్చుకున్నాను.

ఆవిడ గురువారం మధ్యాహ్నం వచ్చారు. చెల్లెలు కులాసా అన్నారు. సాయంత్రం నేను మెట్లెక్కి వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద పెద్ద గ్రాఫు కాగితం పరిచి ఉంది. ఆవిడ ఎడంచేత్తో భూతద్దం పట్టుకుని, నోటుబుక్కులో ఒక్కొక్క అంకె చదివి, కాగితం మీద దాని చోటు వెతికి, పెన్సిలుతో చుక్క పెడుతున్నారు. కన్ను తుడుచుకుంటారు, మళ్ళీ చూస్తారు, మళ్ళీ చుక్క. నేను పది నిమిషాల్లో పుట్టించిన తొమ్మిది అంకెలకి ఆవిడకి గంట పట్టింది. నేను పక్కనే కూర్చుని చూశాను. నా అబద్ధాన్ని ఎవరూ అంత శ్రద్ధగా చూడగా నేనెప్పుడూ చూడలేదు. మా సార్ కూడా కాదు.

చుక్కలు పెట్టారు గానీ, వాటిని కలుపుతూ గీత గీయలేదు. కన్ను అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాను. శుక్రవారం కూడా కాగితం అలాగే ఉంది. శనివారం కూడా. వచ్చే బుధవారం డ్రైనేజీ ఇంజనీరుతో వీధివాళ్ళ మీటింగు. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే బన్నులు చేస్తున్నారు, కాఫీ పోస్తున్నారు, నీ చదువెలా ఉందని అడుగుతున్నారు. నేను కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను.

తణుకు పిల్లకి చెప్పాను. "ఏంటే, చెప్పేస్తావా? పిచ్చా నీకు? లెటర్ పోతుంది, కో-ఆప్ పోతుంది. తొమ్మిది నంబర్లకి ఎవరైనా లైఫ్ పోగొట్టుకుంటారా?" అంది.

"వాళ్ళు ఆ నంబర్లు చూసి కాలువ తవ్వుతరే. తప్పయితే ఎట్లా?" అన్నాను.

"తప్పని నీకు మాత్రం తెలుసా? కరెక్టే అయ్యుండొచ్చుగా?"

నిజమే, కరెక్టే అయ్యుండొచ్చు. అవునో కాదో ఇంక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అదే నన్ను తినేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయనమ్మ అనేది. తొక్కాను కాబట్టి కడుక్కోక తప్పదని సోమవారం మధ్యాహ్నం మెట్లెక్కాను.

"ఆంటీ, అందులో తొమ్మిది నేను కొలవలేదు" అన్నాను. తర్వాత ఏడుపు వచ్చింది. షిఫ్టూ, పుట్టినరోజూ, రికార్డులూ అన్నీ కలిపి ఏదేదో చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. డ్రాయర్‌లోంచి ఎర్ర పెన్సిల్ తీసి నా ముందు పెట్టారు. "ఏవో చూపించు" అన్నారు. నేను గట్టిగా కొట్టేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "అలా చెరపకూడదు. ముందు ఏం రాసి ఉందో తర్వాతివాళ్ళకి కనపడాలి. ఒక్క సన్నటి గీత. పక్కన 'కొలవలేదు' అని రాయి. సంతకం పెట్టు." తొమ్మిది గీతలు, తొమ్మిది సంతకాలు. రబ్బరు పెట్టి గ్రాఫు మీది చుక్కలు మాత్రం ఆవిడే చెరిపారు. అవి పెన్సిలుతో పెట్టినవి, ఇంకా లెక్కలోకి రానివి.

అప్పుడు చెప్పారు, కాఫీల దగ్గర ఎప్పుడూ చెప్పని సంగతి. స్వీడన్ ఉత్తరాన ఆనకట్ట కడుతున్న చోట ఆవిడ మొదటి ఉద్యోగం. సొరంగంలోకి ఆడది అడుగుపెడితే రాళ్ళు కూలతాయని పనివాళ్ళ నమ్మకం, అందుకని ఆఫీసు బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. ఆనకట్ట చుట్టూ తవ్విన పరీక్ష బావుల్లో నీటి మట్టాలు పనివాళ్ళు కొలిచి తెస్తే గ్రాఫు గీయడం పని. ఒక బావి అంకెలు మరీ కుదురుగా వస్తున్నాయని అనుమానం వచ్చింది. చెబితే నవ్వారు. ఆదివారం పూట, మంచు మీద స్కీలు కట్టుకుని తనే వెళ్ళారు. బావి మూత మీద నడుమెత్తు మంచు. చుట్టుపక్కల ఒక్క అడుగు ముద్ర లేదు. నెలరోజులుగా అక్కడికి ఎవరూ రాలేదు.

"భలే పట్టుకున్నారు!" అన్నాను, నా సంగతి మరిచిపోయి.

"నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు అందరి ముందూ ఆ బావి కొలిచే పనివాడి నోటుబుక్కు బల్ల మీద విసిరికొట్టాను. అతనికి యాభై ఐదేళ్ళు. మోకాలు దెబ్బతిని ఉంది. అంత దూరం మంచులో నడవలేడు. చెబితే పని పోతుందని చెప్పలేదు. ఉద్యోగం తీసేయలేదు గానీ, ఆ తర్వాత అతను నాకు గానీ ఇంకెవరికి గానీ నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. పక్క బావిలో నీళ్ళు లేస్తున్నాయని అతనికి తెలిసినా, అడిగేదాకా చెప్పలేదు. నేను అంకెలు బాగుచేశాను, మనిషిని పోగొట్టుకున్నాను." అని కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

బుధవారం మీటింగుకి నన్నూ రమ్మన్నారు. పక్కింటాయన హాల్లో పదిమంది. డ్రైనేజీ ఇంజనీరు గ్రాఫు చూసి, మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడిగాడు. సరిగ్గా వాన పడ్డ రోజులు. "ఆ నాలుగు రోజులు మేం కొలవలేదు" అన్నారు ఆవిడ. 'మేం' అన్నారు. నా వైపు చూడనైనా లేదు. ఆయన మర్యాదగానే, ముఖ్యమైన రోజులు లేవు కాబట్టి వచ్చే వసంతం కూడా కొలిచి తెమ్మన్నాడు. వీధివాళ్ళు గొణుక్కున్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, వచ్చే వసంతం అంటే ఎంత సులువుగా తల ఊపారో నాకింకా గుర్తుంది. దారిలో క్షమించమన్నాను. "సుద్ద కొత్తది కొనాలి" అన్నారు.

మర్నాడు ఉత్తరం ఇచ్చారు. కవరు అంటించకుండా, చదువుకోమని. టైపు చేసిన నాలుగే వాక్యాలు. 'ఈమె ఈ వసంతం నా దగ్గర నీటి రీడింగులు తీసింది. అందులో తొమ్మిది కొలవకుండా రాసింది. నేను అడగకముందే వచ్చి చెప్పింది. మిగిలినవాటిని నేను నమ్ముతాను, మీరూ నమ్మవచ్చు.' కింద సంతకం.

దాచుకోవడమెందుకు, నాకు ఒళ్ళు మండింది. ఇది సిఫార్సు ఉత్తరమా, ఎఫ్ఐఆరా? కిందికొచ్చి మంచం మీద విసిరికొట్టాను. తణుకు పిల్ల చదివి, "చెప్పానా? చించి పడేయ్. నోటిమాటగా ఆవిడ పేరు చెప్పుకో, చాలు" అంది. చించుదామని పట్టుకున్నాను కూడా. కో-ఆప్ గడువు పది రోజులుంది. చేతిలో వేరే దారి లేదు. ఈ కాగితం ఇస్తే పోతుందని తెలుసు, ఇవ్వకుండా ఆవిడ పేరు వాడుకుంటే పదో అబద్ధమవుతుందని కూడా తెలుసు. తొమ్మిదికే నాకు ఇంత అయింది. వాన్‌కి బస్సెక్కాను.

కంపెనీ అంటే రెండు గదులు, గుమ్మం దగ్గర బురద బూట్ల వరుస. యజమాని నెరిసిన గడ్డం మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టి, "ఆవిడ ఇంకా టైపే చేస్తున్నారా?" అన్నాడు. తర్వాత నా సర్టిఫికెట్లు ఏవీ చూడకుండా ఒక్క ప్రశ్న అడిగాడు. "ఎందుకు చెప్పావు?"

బస్సులో ఈ ప్రశ్నకి మంచి జవాబులు తయారుచేసుకున్నాను. నిజాయితీ, బాధ్యత, ఇంజనీరింగ్ విలువలు. ఒక్కటీ నోటికి రాలేదు. "ఆవిడకి కళ్ళు సరిగా కనపడవు. నా తప్పుడు అంకెలు భూతద్దం పెట్టి చూసుకుంటుంటే చూడలేకపోయాను. ఆవిడకి చూపు బాగుంటే, దొరికేదాకా ఆగేదాన్నేమో" అన్నాను. అనగానే, అయిపోయింది నా పని అనుకున్నాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "సోమవారం నుంచి రా. ఎత్తు బూట్లు కొనుక్కో" అన్నాడు.

బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తాను. ఆవిడ వంటింట్లో బంగాళదుంపల చెక్కు తీస్తున్నారు. వచ్చేసిందని అరిచాను. దుంప పట్టుకున్న చేత్తోనే నా భుజం తట్టారు. "ఏం అడిగాడు?" అన్నారు. చెప్పాను. "నువ్వేం చెప్పావు?" అన్నారు. అదీ చెప్పాను, కళ్ళ సంగతి, దొరికేదాకా ఆగేదాన్నన్న సంగతి, దాచకుండా.

ఆవిడ చెక్కు తీయడం ఆపారు. "నాకు కనపడింది" అన్నారు.

"ఏంటి ఆంటీ?"

"వచ్చినరోజే కనపడింది. తొమ్మిది అంకెలూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినవి. మిగతా రోజుల్లో నీ ఐదు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పైగా శనివారం వానకి పక్కింటాయన బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే మోటారు రెండు రోజులు ఆగలేదట. నీ కాగితం మీద నీళ్ళు మెట్లెక్కినట్టు ఎక్కాయి. నీళ్ళు అంత మర్యాదగా ఉండవు."

నేను పొయ్యి పక్క స్టూలు మీద కూర్చుండిపోయాను. "మరి అప్పుడే అడగొచ్చు కదా?"

"అడిగితే ఒప్పుకునేదానివి. ఇంక ఎప్పుడు ఏం జరిగినా, నేను అడిగేదాకా ఆగేదానివి."

"నేను చెప్పకపోయుంటే?"

"మీటింగుకి ఆ కాగితం తీసుకెళ్ళేదాన్ని కాదు. ఉత్తరం రాసేదాన్ని కాదు. నిన్ను ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు." ఇంకో దుంప తీసుకున్నారు. "బన్నులు మాత్రం చేసేదాన్ని."

మీటింగు దగ్గరపడుతున్నా, చుక్కలు కలపకుండా ఆ కాగితాన్ని బల్ల మీద అలా ఉంచింది నా కోసం. గురువారం నుంచి సోమవారం దాకా ప్రతి కాఫీకీ నా ఎదురుగా కూర్చుని, అంతా తెలిసి, చదువు సంగతులు అడిగింది నా కోసం. నన్ను తిట్టి దారిలో పెట్టాలని చూసినవాళ్ళు నా జీవితంలో చాలామంది ఉన్నారు, వాళ్ళందరికీ దండం. నేనే మెట్లెక్కి వస్తానని నమ్మి నాలుగు రోజులు ఎదురుచూసినది మాత్రం ఆవిడ ఒక్కరే.